చూసిన మాట, రాసిన మాట

విహారయాత్రకు వెళ్ళి వచ్చిన పిల్లలను వ్యాసం రాయమంటే ఏమి రాస్తారు? "ఉదయం బస్సెక్కాము. పులిహోర తిన్నాము. ఆనందంగా గడిపాము. సాయంత్రం ఇల్లు చేరాము." ఊరి పేరు మారిస్తే ఈ నాలుగు వాక్యాలు ఏ యాత్రకైనా సరిపోతాయి. చూసినది మాత్రం వాటిలో ఉండదు.

అందుకే మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి బడి పిల్లలతో వెళ్ళినప్పుడు, మేము ముందుగా ఏమీ రాయించలేదు. మూడెకరాలకు పైగా పరచుకున్న ఆ మర్రి వయసు సుమారు 700 ఏళ్ళని చెబుతారు. దాని చుట్టూ తిరగనిచ్చాము, మాట్లాడనిచ్చాము. "మొదలు యాడ ఉన్నదో ఎరుకైతలేదు" అన్నది ఒక పాప. ఊడలే దిగి కాండాలైన చెట్టును గురించి ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిందనీ, చెదలు పట్టిన చెట్టుకు 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించారనీ చెప్పాము. "చెట్టుకు సుత గ్లూకోజు పెట్టిండ్రా!" అని ఒక బాబు ఆశ్చర్యపోయాడు.

ఆ మాటలే రాయమన్నాము. "పుస్తకంల అట్ల ఉండదు గద సార్?" అని వాడు సందేహించాడు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇంట్లో మాట్లాడే మాట తప్పని అనుకున్న పిల్లవాని కలం ముందుకు సాగదు. మొదట తన మాటలో రాసి, తర్వాత దానినే పుస్తక భాషలోకి మార్చుకోవడం నేర్పితే రెండు భాషలూ వానివే అవుతాయి.

మరుసటి నెల నల్లగొండ ప్రక్కనున్న పానగల్లుకు వెళ్ళాము. కందూరు చోళుల కాలపు ఛాయా సోమేశ్వరాలయంలో, పొద్దు ఎటు తిరిగినా గర్భగుడిలోని నీడ పగలంతా కదలదు. అది ఏ స్తంభం నీడ? పిల్లలు వాదించుకున్నారు, ఎవరి ఊహ వారు రాసుకున్నారు. ఆ తర్వాతే, అది ఏ ఒక్క స్తంభానిదీ కాదనీ, పలు దిక్కుల నుండి లోపలికి వచ్చే వెలుగుకు స్తంభాలు అడ్డుపడడం వల్ల ఏర్పడుతుందనీ వివరించాము. ఆ రోజు నోటు పుస్తకాలలో "ఎందుకంటే", "కాబట్టి", "అయినా" అనే మాటలు ఎవరూ చెప్పకుండానే వచ్చి చేరాయి. చెట్టు వర్ణించడం నేర్పితే, నీడ కారణం చెప్పడం నేర్పింది.

తల్లిదండ్రులారా, ఇందుకు దూర ప్రయాణమే అక్కరలేదు. ఊరి చెరువుకట్ట, వారపు సంత చాలు. వత్తులు, దీర్ఘాలు తర్వాత దిద్దవచ్చు. ముందుగా "నీవేమి చూశావు?" అని అడిగి, బిడ్డ చెప్పేదంతా ఓపికగా వినండి.