రామన్నపేట ఎటు పోయింది?

2024 జూన్‌లో, ఇంగ్లండ్‌లోని రెడింగ్ పట్టణం దక్షిణపు కొసన ఉన్న విట్లీలో, ఒక ఇంటి తలుపు సందులోంచి పోలింగ్ కార్డు లోపల పడింది. జూలై 4న పార్లమెంటు ఎన్నికలు. పేరు సరిగ్గానే ఉంది, ఇంటి నంబరు సరిగ్గానే ఉంది. నియోజకవర్గం దగ్గర మాత్రం 'ఎర్లీ అండ్ వుడ్లీ' అని అచ్చయి ఉంది. అందులో రెడింగ్ అన్న మాటే లేదు. ఆ కార్డు అందుకున్న మనిషే ఈ కాలమ్ రాస్తున్నాడు. అతనిది ఉమ్మడి నల్గొండ జిల్లా రామన్నపేట. పొయ్యి మీద చాయ్ మరిగిపోతున్నా అతను ఆ కార్డు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఉన్న ఊరి పేరు తన నియోజకవర్గం పేరులోంచి పోవడం అతని బతుకులో ఇది రెండోసారి.

మొదటిసారి 2009లో. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అతను ఏప్రిల్ ఎండలో బస్సెక్కి ఓటేయడానికి ఊరికొచ్చాడు. అరుగు మీద కూర్చున్న పెద్దనాయిన చేతిలో ఓటు చీటీ ఉంది. దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి, పంచిన పిల్లగాణ్ని పిలిచాడు. "గిది మనది గాదు బిడ్డా, నకిరేకల్‌ది. తప్పుబడ్డది, తీస్కపో" అన్నాడు. తప్పేమీ పడలేదు. రామన్నపేట అసెంబ్లీ నియోజకవర్గమే లేకుండా పోయింది. మండలాన్ని తీసుకెళ్లి నకిరేకల్‌లో కలిపారు. గుర్రం యాదగిరి రెడ్డిని 1985, 1989, 1994లో వరుసగా మూడుసార్లు గెలిపించిన నియోజకవర్గం అది. సంగతి అర్థమయ్యాక పెద్దనాయిన ఒకటే మాటన్నాడు. "మనల్ని ఎవలడిగిన్రురా?"

అడగలేదనడానికి చట్టం ఒప్పుకోదు. 2002 చట్టం కింద జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన పునర్విభజన సంఘం ఏర్పడింది. 2001 జనాభా లెక్కలు పట్టుకుని గీతలు గీసింది. ముసాయిదాలు గెజిట్‌లోనూ పత్రికల్లోనూ వచ్చాయి, బహిరంగ విచారణలు జరిగాయి. కొందరు ఎంపీలూ ఎమ్మెల్యేలూ అనుబంధ సభ్యులుగా కూర్చున్నారు, వాళ్లకు ఓటు హక్కు మాత్రం లేదు. తుది ఉత్తర్వును కోర్టులో ప్రశ్నించడానికి రాజ్యాంగం 329వ అధికరణం వీలివ్వదు. ఇదంతా పద్ధతి ప్రకారమే నడిచింది. కానీ ఆ మాట రామన్నపేట అరుగు దాకా రాలేదు. గెజిట్ చదివే అలవాటు పత్తి చేను దున్నుకునే మనిషికి ఎక్కడిది? బజార్లో ఒక్క డప్పు మోగితే, పంచాయతీ ఆఫీసు గోడకు ఒక్క పటం అంటిస్తే తెలిసేది.

అందుకే ఇంగ్లండ్‌లో జరిగిన తీరు చూసి అతనికి ముచ్చటేసింది. అక్కడ బౌండరీ కమిషన్ 2021 జూన్‌లో మొదటి ప్రతిపాదనలు బయటపెట్టింది. 8 వారాలు గడువిచ్చి ఎవరైనా రాయొచ్చంది. మరుసటి ఏడు, బహిరంగ విచారణలతో కలిపి ఇంకో 6 వారాలు. సవరించిన పటం వచ్చాక మరో 4 వారాలు. పటంలో తన వీధిని వేలితో పెద్దది చేసుకుని చూసుకోవచ్చు, ఇరుగుపొరుగు రాసినవి చదవొచ్చు. మా పిల్లల బడి గీతకు అవతల పడిందని ఒకరు, మా చర్చి ఇక్కడే, మా బస్సు ఇక్కడికే వస్తుందని ఒకరు. ఇంటి ముందు పూలకుండీ జరిపితే మాట్లాడేంత గట్టిగా మాట్లాడారు. అతనూ ఒక పేజీ రాశాడు. విట్లీ వాళ్లు సంతకు పోయినా ఆసుపత్రికి పోయినా రెడింగ్‌కే పోతారు, మమ్మల్ని రెడింగ్‌తోనే ఉంచండి అని. నల్గొండ జిల్లా మనిషి, చేతిలో భారత పాస్‌పోర్టు. అయినా ఆ దేశపు పార్లమెంటు సరిహద్దుల మీద అతని మాట కూడా దస్త్రంలోకి ఎక్కింది.

గీత మాత్రం జరగలేదు. 2020 నాటి చట్టం ప్రకారం ఒక్కో నియోజకవర్గంలో సగటున 73,393 మంది ఓటర్లుండాలి. 5 శాతానికి మించి అటూ ఇటూ పోకూడదు, అంటే 69,724 నుంచి 77,062 దాకా. మొత్తం 650 సీట్లలో ఈ లెక్క నుంచి మినహాయింపు దొరికింది దీవుల్లోని 5 సీట్లకే. రెడింగ్ ఓటర్లు ఒక సీటుకు ఎక్కువ, రెండు సీట్లకు తక్కువ. అందుకని పట్టణాన్ని మూడు ముక్కలు చేశారు. నడిమి భాగం రెడింగ్ సెంట్రల్ అయింది. పడమటి వైపు పల్లెలతో కలిసి రెడింగ్ వెస్ట్ అండ్ మిడ్ బెర్క్‌షైర్ అయింది. దక్షిణాన ఉన్న విట్లీ పక్క ఊళ్లైన ఎర్లీ, వుడ్లీలకు పోయింది. అడిగారు, విన్నారు, చివరికి అంకెల మాటే నెగ్గింది. అయినా అడిగారు కదా. అతని మనసు మళ్లీ మళ్లీ అక్కడికే పోతుంది.

అంకెల్లో పోలిక పెడితే గుండె బరువెక్కుతుంది. రామన్నపేట ఇప్పుడున్న భువనగిరి లోక్‌సభ స్థానంలో 2024లో ఓటర్లు దాదాపు 18 లక్షలు. ఆ లెక్కన ఇంగ్లండ్‌లో 25 మంది ఎంపీలు ఉండాల్సిన చోట మనకు ఒక్కరు. మల్కాజిగిరిలోనైతే 37 లక్షలు దాటారు. విట్లీలో మురుగు కాలువ పొంగితే ఎంపీకి ఉత్తరం రాస్తారు, జవాబూ వస్తుంది. ఆలేరు రైతు ఢిల్లీలో తన ఎంపీని పట్టుకోవాలంటే ఎంతమందిని దాటుకుని పోవాలి!

అట్లాగని ఇంగ్లండ్‌ను నెత్తిన పెట్టుకోవడానికి అతనికి మనసొప్పదు. 1832 దాకా ఆ దేశంలో ఓల్డ్ సారమ్ అనే పాడుబడ్డ దిబ్బ నుంచి ఇద్దరు ఎంపీలు పార్లమెంటుకు వెళ్లారు. ఆ దిబ్బ మీద కాపురమున్న మనిషే లేడు. అదే కాలంలో మిల్లులతో కిటకిటలాడే మాంచెస్టర్‌కు ఒక్క ఎంపీ కూడా లేడు. ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా ఓటు రావడానికి 1928 దాకా పట్టింది. మన దగ్గర మొదటి ఎన్నికలోనే, తెలంగాణ సాయుధ పోరాటం ఆగిన కొద్ది నెలలకే, వెట్టి చేసిన చేతులతో నల్గొండ ఓటేసింది. 1952లో నల్గొండ ద్విసభ్య స్థానం నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారు. రెండో సీటులో సుంకం అచ్చాలు గెలిచారు. ఈ సంగతి రెడింగ్ ఆఫీసులో అతను ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు.

పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. 1996కి ఇంగ్లండ్‌లో జోడీ లేదు.

ఆ ఏడు నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన పల్లెల గోస దేశానికి వినిపించాలని దుశర్ల సత్యనారాయణ నడిపిన జల సాధన సమితి నామినేషన్లు వేయించింది. పోలింగ్ వాయిదా పడింది. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. అతని అమ్మమ్మది మర్రిగూడ వైపు. ఆమె మోకాళ్లు లోపలికి వంగిపోయి ఉండేవి, నేల మీద కూర్చుంటే లేవడానికి గోడ ఆసరా కావాలి. ఓటేసి వచ్చి మనవడికి చెప్పింది. "పెద్ద బాలశిచ్చ లెక్క ఉండె కొడుకా. మడవవోతే మడ్వరాలే." ముద్ర గుద్దిన సిరా ఆమె వేలికి కూడా అంటింది. సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. మళ్లీ అట్లా గుంపుగా నిలబడటం బీదవాళ్లకు అందకుండా పోయింది. కానీ ఆ ఒక్క ఎన్నికతో నల్గొండ నియోజకవర్గమంటే నీళ్లు లేని చోటని దేశమంతా తెలిసింది.

నియోజకవర్గానికి పేరుండటం ఎందుకు ముఖ్యమో అతనికి అప్పుడే తెలిసింది. కల్వకుర్తి అంటే 1989లో ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ను చిత్తరంజన్ దాస్ ఓడించిన చోటు. మిర్యాలగూడ లోక్‌సభ అంటే భీమిరెడ్డి నర్సింహారెడ్డిని మూడుసార్లు పంపిన చోటు. ఆ లోక్‌సభ స్థానం కూడా 2008లో పోయింది. అక్కడ రెండుసార్లు గెలిచిన జైపాల్ రెడ్డి 2009లో చేవెళ్లకు మారాల్సి వచ్చింది. చలకుర్తి పోయింది, పాలమూరులో అమరచింత పోయింది. ఎస్సీ జనాభా ఎక్కువున్న నకిరేకల్ రిజర్వు కావడం న్యాయం, దాని మీద అతనికి పేచీ లేదు. చెప్పకుండా పేరు తుడిచేశారన్నదే అతని బాధ.

2016లో జిల్లాలు మారాక చిక్కు ఇంకా ముదిరింది. రామన్నపేట మండలానికి కలెక్టర్ భువనగిరిలో ఉంటే, అసెంబ్లీ సీటు పేరున్న నకిరేకల్ నల్గొండ జిల్లాలో ఉంది. పాలమూరులోనూ ఇదే కథ. కొడంగల్ నియోజకవర్గంలో కొడంగల్, బొంరాస్‌పేట, దౌల్తాబాద్ మండలాలు వికారాబాద్ జిల్లాకు పోతే కోస్గి, మద్దూరు 2019లో ఏర్పడ్డ నారాయణపేట జిల్లాకు పోయాయి. కల్వకుర్తి నియోజకవర్గంలోని ఆమనగల్లు, తలకొండపల్లి, మాడ్గుల రంగారెడ్డిలో పడ్డాయి. ఒక పింఛను కాగితం మీద సంతకానికి ఏ బస్సెక్కాలో ముసలివాళ్లు కండక్టర్‌ను అడగాల్సిన పరిస్థితి.

2026 తర్వాతి జనాభా లెక్కల దాకా సీట్ల సంఖ్య మార్చొద్దని 84వ సవరణ పెట్టింది. ఆ గడువు తీరాక దక్షిణాదికి సీట్ల వాటా తగ్గుతుందని 2025 మార్చి 22న చెన్నైలో ముఖ్యమంత్రులు సమావేశమైతే, కొడంగల్ ఎమ్మెల్యే కూడా అయిన రేవంత్ రెడ్డి వెళ్లారు. రాష్ట్రాల వాటా పెద్ద కొట్లాటే, కొట్లాడాల్సిందే. దాంతోపాటు, పటం గీసే రోజు వచ్చినప్పుడు ప్రతి పంచాయతీ గోడకు దాన్ని తెలుగులో అంటించాలని కూడా అడగాలి.

జూలై 4న అతను చర్చి హాలుకు వెళ్లాడు. బల్ల దగ్గర ఫొటో గుర్తింపు అడిగారు. కామన్వెల్త్ దేశాల పాస్‌పోర్టులు చెల్లుతాయి, అతను తన భారత పాస్‌పోర్టు ఇచ్చాడు. దారంతో కట్టిన పెన్సిల్‌తో గుర్తు పెట్టి కాగితం మడిచి డబ్బాలో వేశాడు. ప్రవాస ఓటరుగా రామన్నపేటలో ఓటేయాలన్నా అదే పాస్‌పోర్టు చూపించాలి. కాకపోతే విమానం ఎక్కి అక్కడిదాకా పోవాలి.

ఇంటికొచ్చి పోలింగ్ కార్డు ఫొటో తీసి పెద్దనాయినకు వాట్సాప్ చేశాడు. పది నిమిషాలకు ఫోనొచ్చింది.

"మీ ఊరి పేరేదిరా దీంట్ల?"

"లేదు పెద్దనాయినా. తీసేసిన్రు."

"నిన్ను అడిగిన్రా?"

"అడిగిన్రు. వద్దని కాయితం గూడ రాసిన."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత పెద్దనాయిన ఆ కాయితంలో ఏం రాశావో తెలుగులో చదివి వినిపించమన్నాడు.