మాత్రకు తోడు మాట

కాలు విరిగినవాణ్ణి పరామర్శించడానికి మా ఊరు ఊరంతా కదిలి వస్తుంది. మనసు చెదిరినవాడి గుమ్మం మాత్రం ఎవరూ తొక్కరు. "గాలి సోకింది" అంటారు కొందరు, "పూర్వజన్మ పాపం" అంటారు ఇంకొందరు. వైద్యశాస్త్రం దానికి పెట్టిన పేరు స్కిజోఫ్రీనియా. ఎవరికీ వినబడని గొంతులు వినబడటం, తనమీద ఎవరో కుట్ర పన్నుతున్నారని గట్టిగా నమ్మడం, నలుగురిలోంచి ముడుచుకుపోవడం దాని లక్షణాలు.

మా బాబాయి మిరప రైతు. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఆయనకు మోటారు షెడ్డులోంచి ఒక గొంతు వినబడసాగింది. "మోటారు ఆపు, లేకపోతే ఊరు తగలబడుతుంది" అనేదట. ఆయన పరుగున వెళ్ళి ఆపేసేవాడు. ఆ ఏడు తోట సగం ఎండిపోయింది. తాయెత్తులయ్యాయి, మొక్కులయ్యాయి. చివరికి నాన్న పట్నంలో సైకియాట్రిస్టుకు చూపించాడు. మాత్రలతో నిద్ర పట్టింది, భయం తగ్గింది. గొంతు మాత్రం సన్నగిల్లిందేగాని పోలేదు.

అప్పుడు అక్కడి సైకాలజిస్టుగారు వారానికోసారి ఆయనతో మాట్లాడటం మొదలుపెట్టారు. మాత్రలు యథాప్రకారం సాగాయి. ఆవిడ "అంతా నీ భ్రమ" అనలేదు, "నిజమే" అనీ అనలేదు. "ఆ గొంతు చెప్పినవాటిలో ఇంతవరకు ఎన్ని జరిగాయండీ?" అని అడిగారు. నోటుబుక్కులో రాయమన్నారు. కొన్నాళ్ళకు, బాబాయి సరేనన్నాకే, గొంతు వినబడినా పది నిమిషాలు మోటారు ఆపకుండా చూడమన్నారు. గట్టుమీద నేనూ పక్కనే కూర్చున్నాను. ఆయన చేతులు వణికిపోయాయి. ఊరు తగలబడలేదు. సాళ్ళలో నీళ్ళు పారాయి. మర్నాడు ఇరవై నిమిషాలు ఆగాం.

ఈ పద్ధతినే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, క్లుప్తంగా సి.బి.టి. అంటారు. నమ్మకాన్ని వైద్యుడూ రోగీ కలిసి పరీక్షకు పెట్టడమే ఇందులోని కీలకం. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజీన్ మందును మానసిక రోగులకు వాడటం మొదలైంది. చిత్రమేమిటంటే, సంభాషణతో ఒక స్కిజోఫ్రీనియా రోగి భ్రమను సడలించిన వైనాన్ని అమెరికాలో ఆరన్ బెక్ ప్రచురించిందీ ఆ ఏడాదే! మాత్రా, మాటా ఒక ఈడువే.

మరి దీనికి రుజువేమిటి? రైతుబిడ్డలకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కొత్త ఎరువు గుణం తెలియాలంటే రెండు మళ్ళకూ మామూలు ఎరువు వేసి, ఒకదానికే కొత్తది కలిపి చూస్తాం. అలాగే రోగులను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేస్తారు. ఇద్దరికీ మామూలు వైద్యం, ఒక జట్టుకు అదనంగా సి.బి.టి. ఇలాంటి 60 ప్రయోగాలను, 5,992 మంది వివరాలను, కోక్రేన్ సంస్థ 2018లో సమీక్షించింది. దీర్ఘకాలంలో జబ్బు తిరగబెట్టడం తగ్గిందని స్పష్టంగా తేలలేదు. సాక్ష్యం చాలావరకు బలహీనమేనని సమీక్షకులు రాశారు. అయినా బ్రిటన్‌లో నైస్ సంస్థ 2014 మార్గదర్శకాలు రోగులందరికీ మందులతోపాటు కనీసం 16 విడతల సి.బి.టి. అందించాలంటున్నాయి. అంటే ఇది మంత్రదండం కాదు. దీన్ని నమ్మి మాత్రలు మానెయ్యడం ప్రమాదం.

ఒక్క మనిషి అనుభవం రుజువు కాదని సైన్సు విద్యార్థిగా నాకు తెలుసు. కాని మొన్న సంక్రాంతికి బాబాయి అన్నమాట చెప్పకుండా ఉండలేను: "గొంతు ఇంకా ఉందిరా అబ్బాయ్. దాని మాట వినడం మానేశానంతే." సమీక్షల పట్టికల్లో ఈ మాటకు గడి ఎక్కడుందో వెతుకుతున్నాను. జబ్బు పోవడం వేరు, జబ్బుతో బతకగలగడం వేరు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ సేవల ద్వారా చికిత్స పొందే హక్కును ప్రతి పౌరుడికీ ఇచ్చింది. 2022లో మొదలైన టెలిమానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోను చెయ్యవచ్చు. కాని పక్కన కూర్చుని పదహారు వారాలు ఓపిగ్గా మాట్లాడే మనిషి మన పల్లెకు ఎప్పుడొస్తాడు? మిత్రులారా, మనలో కొందరైనా ఆ చదువు చదివి, ఆ కుర్చీలో కూర్చోవాలి.