మా ఇంటి మట్టి

‘‘మట్టిలో చదవడానికి ఏముందే?’’ ఉప్పాడ తాత నవ్వాడు. సముద్రం అడుగునుంచి గొట్టంతో తీసిన మట్టిని మనవరాలు బిళ్లలుగా కోసింది. కుళ్లిన ఆకూ అలమూ పోయేలా హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెట్టి, 63 మైక్రాన్ల జల్లెడ పట్టింది. పైన నిలిచింది ఇసుక. కిందికి జారినదాన్ని నీటిజాడీలో కలిపి గడియారం చూస్తూ కూర్చుంది. ముతక రేణువు ముందు దిగుతుంది. బంకమట్టికి గంటలు పడుతుంది.

‘‘ముతక పొర ఉంటే అప్పట్లో నీటి ఉరవడి ఎక్కువన్నమాట తాతయ్యా. సన్నమట్టి నెమ్మదైన నీళ్లలోనే పేరుకుంటుంది.’’

‘‘మరిప్పుడు గోదారి మట్టి రావట్లేదా?’’

‘‘చాలావరకు ఎగువ ఆనకట్టల వెనకే ఆగిపోతోంది.’’

తాత కెరటాలకేసి చూశాడు. ఒకప్పుడు ఆయన ఇల్లు అక్కడే.

‘‘మా ఇంటి మట్టి కూడా మీ గొట్టంలో దొరుకుతుందంటావా?’’