ముష్టి చెట్టు కింద

మన్ననూరులో బస్సు దిగేసరికి జనవరి చలి ఎముకల్లోకి దిగుతోంది. నల్లమల అంచున నాతో నడిచిన చెంచు పెద్దాయన ఒక చెట్టు కింద ఆగి, రాలిన పండును కర్రతో దొర్లించాడు. చూడ్డానికి అచ్చం బత్తాయే. పగలగొడితే గుజ్జులో రూపాయి బిళ్ళంత చదును గింజలు, వాటి ఒంటినిండా పట్టులాంటి నూగు.

"ముష్టి గింజ సారూ. ముట్టుకుంటే ఏం గాదు, నోట్ల మాత్రం ఎయ్యకు."

గింజలోని విషాలు స్ట్రిక్నైన్, బ్రూసైన్ నాకు పాత పరిచయమే, చెట్టునే ఇప్పుడు చూస్తున్నాను. ఎమ్మెస్సీ ల్యాబులో పింగాణీ పలక మీద బ్రూసైన్‌కి నత్రికామ్లం చుక్క తగిలిస్తే నెత్తురులా ఎర్రబడేది. పక్కనున్న స్ట్రిక్నైన్‌లో ఆ ఎరుపు కనబడేది కాదు. రెండింటికీ తేడా రెండు మెథాక్సీ సమూహాలే.

స్ట్రిక్నైన్‌ను పారిస్‌లో పెల్లెతియే, కావాంతూ 1818లోనే వేరుచేశారు. స్ఫటికం చేతికొచ్చింది గానీ దాని కట్టడం తేలడానికి నూట పాతికేళ్ళు దాటాయి. అణువు అమరికను చూపించే ఎన్ఎంఆర్ యంత్రాలు లేని కాలం. అణువును ఆమ్లంతో, క్షారంతో విరగ్గొట్టి, పెంకులు ఏరి కుండ ఆకారం చెప్పాలి. అది మామూలు కుండా! 21 కార్బన్లు, 2 నైట్రోజన్లు, 2 ఆక్సిజన్ల చిన్న మూటలో ఏడు వలయాలు ఒకదాన్నొకటి పెనవేసుకున్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో రాబర్ట్ రాబిన్సన్ ఎన్నో బొమ్మలు గీసి చెరిపాక 1946లో సరైనది కుదిరింది. 1954లో రసాయనవేత్త వుడ్‌వర్డ్ బృందం దాన్ని ప్రయోగశాలలోనే కట్టి చూపించింది.

బ్రూసైన్ పేరు మాత్రం నాకిప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. 1819లో ఒక బెరడులో అది దొరికినప్పుడు, ఆ బెరడు అబిసీనియా యాత్రికుడు జేమ్స్ బ్రూస్ పేరున్న మొక్కదనుకున్నారు. తీరా అది ముష్టి బెరడే. అలా ఏ సంబంధమూ లేని ఒక బాటసారి ఈ విషానికి తన పేరు అంటించి పోయాడు.

దారిలో పెద్దాయన ఇంకో చెట్టు చూపించాడు. "చిల్ల చెట్టు. దీని గింజ కుండల అరగదీస్తే బురద నీళ్ళు తేటైతయ్."

ముష్టికి స్వయానా దాయాది అది. ఒకే ప్రజాతి.

తిరిగొచ్చి కొట్టు దగ్గర టీ గ్లాసు పట్టుకునే ముందు చేతులు మూడుసార్లు కడిగాను. పెద్దాయన ఒక్కసారే కడిగి, నన్ను చూసి నవ్వి, బిస్కెట్టు ముంచుకున్నాడు.