దిగుడు బావి, వడపోత గుడ్డ

కర్నూలు జిల్లాలో పత్తికొండ వైపు మా ఊరు. నల్లరేగడి చేలు, ఊరి పక్కన వానొచ్చిన రోజు పారి మర్నాటికి ఇంకిపోయే వంక. 1980ల మొదట్లో ఊరికి తాగునీరు ఒక్క దిగుడు బావిదే. శివరాత్రి దాటితే నీళ్ళు అడుగుకు పోయేవి. ఆడవాళ్ళు చివరి మెట్టు కూడా దిగి, మోకాటి లోతులో నిలబడి, నాచును చేత్తో పక్కకు నెట్టి కడవ ముంచేవాళ్ళు. బడి వదలగానే మేమూ ఆ మెట్ల మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళాడించేవాళ్ళం.

ఊళ్ళో నారి కురుపు అనే జబ్బు ఉండేది. అది ఎండాకాలంలోనే లేచేది. చీలమండ దగ్గర ముందు దురద, ఆ తర్వాత మంట, మీద బొబ్బ. బొబ్బ చితికితే తెల్లటి సన్నని పురుగు కొస బయటికి కనిపించేది. ఒక్కసారిగా లాగితే తెగుతుంది. తెగితే కాలంతా వాచి, చీము పట్టి, నెలల తరబడి మంచమే. అందుకే ఆ కొసను పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం కొంచెంగా బయటికి తీసేవాళ్ళు. పురుగు మూడడుగుల దాకా ఉండేది. మొత్తం వచ్చేదాకా పుల్లను కాలికే గుడ్డతో కట్టుకుని తిరగాలి. మా అవ్వకు ఒకే ఏడు రెండు కాళ్ళకూ లేచింది. "కాలు మండిపోతాంది నాయనా, బావికాడికి తోల్కపో" అని ఏడ్చేది. తీసుకుపోయి మెట్టు మీద కూర్చోబెడితే, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని అప్పుడు గాని ఊపిరి పీల్చుకునేది కాదు. మా తరగతిలోనూ కురుపు లేచిన పిల్లలు గోడ పట్టుకుని నడిచేవాళ్ళు. కొందరు అలా బడి మానేసి మళ్ళీ రానేలేదు.

అది ఎక్కడి నుంచి వస్తుందో అప్పటికి ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఒంట్లో వేడి ఎక్కువై నరం బయటికొస్తోందని పెద్దవాళ్ళు అనేవాళ్ళు.

1983–84లో కేంద్ర ప్రభుత్వం నారి కురుపు నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటికి ఏడు రాష్ట్రాల్లో దాదాపు 40 వేల మందికి ఈ జబ్బుంది. మన రాష్ట్రం అందులో ఒకటి. దీనికి టీకా లేదు, నయం చేసే మందూ లేదు. ఈనాటికీ లేవు. మా బడికి వచ్చిన ఆరోగ్య కార్యకర్త చేతిలో ఉన్నవి ఒక గాజు సీసా, ఒక భూతద్దం, కొన్ని సన్నకన్ను నైలాన్ గుడ్డలు.

ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. మా సారుతో కలిసి మమ్మల్ని బావికి తీసుకుపోయి, సీసా నిండా నీళ్ళు ముంచి, ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. తెల్లటి నలుసులు అందులో ఎగిరెగిరి పడుతున్నాయి. భూతద్దంలో చూస్తే వాటికి కాళ్ళున్నాయి. అందరం వంతులవారీగా చూశాం. కురుపు లేచిన కాలు నీళ్ళలో పెట్టగానే పురుగు వేలకొద్దీ పిల్లల్ని వదులుతుందని, ఈ నలుసులు వాటిని మింగుతాయని, ఆ నీళ్ళు తాగినవాళ్ళ ఒంట్లో పురుగు ఏడాది పాటు పెరిగి మళ్ళీ కాలి నుంచి బయటికొస్తుందని చెప్పాడు. అంటే ఈ వేసవిలో మా అవ్వ కాలికి లేచింది నిరుడు తాగిన నీళ్ళ నుంచి వచ్చింది. ఏడాది ఎడం ఉన్న జబ్బు మూలాన్ని ఊరు తనంతట తాను ఎలా కనిపెట్టగలదు? మా పెద్దవాళ్ళది తెలివితక్కువతనం అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

గుడ్డ వాడకం మాకు నేర్పిందీ ఆ కార్యకర్తే. బిందె మూతికి గుడ్డ బిగించి నీళ్ళు పోయాలి. రోజూ ఒకే వైపు పైకి ఉండాలి. తిరగేస్తే పైన పట్టుకున్న నలుసులన్నీ బిందెలోకే పోతాయి. అందుకని సారు ఆడపిల్లల చేత గుడ్డ పైవైపు ఎర్రదారంతో ఒక కుట్టు వేయించాడు. వడపోశాక గుడ్డను బావికి దూరంగా, పొడినేల మీద దులపాలి. మేం ఇంటింటికీ పోయి ఇది చూపించాం. ఐదో తరగతి పిల్ల అమ్మకు, అవ్వకు, వీధిలో పిన్నమ్మలకు నేర్పింది. బడి నుంచి ఇంటికి చదువు అంత సూటిగా చేరడం నేను మళ్ళీ చూడలేదు.

కాలు మంట సంగతి మాత్రం మాటలతో తీరేది కాదు. బావిలో కాలు పెట్టొద్దని ఒక్కమాట చెప్పి వెళ్ళిపోవచ్చు. మా సారు అలా చేయలేదు. బావి గట్టున ఒక మట్టి తొట్టి పెట్టించి, నీళ్ళు తోడిపోసే పని పెద్దపిల్లలకు అప్పగించాడు. కురుపున్నవాళ్ళు అందులో కాళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఆ నీళ్ళను దూరంగా ఎండనేల మీద పారబోసేవాళ్ళం. బాధపడే మనిషికి ఇంకో దారి చూపించాకే బావి మెట్లు ఖాళీ అయ్యాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు గోడల నిండా రాసిన 'చేయకండి'లు చూసినప్పుడల్లా నాకు ఆ తొట్టే గుర్తొచ్చేది.

తర్వాత బావిలో నలుసుల్ని చంపే మందు వేశారు. మెట్లకు అడ్డంగా గోడ కట్టి, గిలక పెట్టి, చేదబావి చేశారు. గుడి ముందు బోరింగు వేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మాదిగవాడ వాళ్ళను ఆ దిగుడు బావి మెట్లు దిగనిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళు పశువులు తాగే కుంటలోని నీళ్ళే తాగేవాళ్ళు. గుడ్డలు వాళ్ళకూ ఇచ్చారు, మాకంటే శ్రద్ధగా వడపోసుకున్నారు కూడా. కానీ కుంటకు గోడ కట్టలేం, గిలక పెట్టలేం. ఊళ్ళో కురుపు పోయిన తర్వాత కూడా వాడలో లేస్తూనే ఉండింది. వాడకు బోరింగు వచ్చాకే అక్కడా ఆగింది. శుభ్రత తెలియక జబ్బులొస్తాయని తేలిగ్గా అనేవాళ్ళకు నేను చెప్పే జవాబు ఇదే.

దేశంలో చివరి నారి కురుపు కేసు 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పుర్ జిల్లాలో నమోదైంది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను ఈ జబ్బు లేని దేశంగా ప్రకటించింది. 1986లో ప్రపంచమంతటా 35 లక్షల మందిని మంచాన పడేసిన వ్యాధి, 2021 నుంచి ఏడాదికి ఇరవై మందికి మించడం లేదు. అదీ చాద్, దక్షిణ సూడాన్ లాంటి కొద్ది దేశాల్లోనే. చాద్‌లో కుక్కలకూ సోకడంతో అక్కడ పని ఇంకా మిగిలే ఉంది.

మా ఊరి పిల్లలకు నారి కురుపు అంటే ఏమిటో తెలియదు. అందుకు సంతోషమే. కానీ ఆ గెలుపు ఎలా వచ్చిందో తెలియకుండా పోవడం నాకు నచ్చదు. ఎర్రదారం కుట్టిన ఆడపిల్లలు ఇప్పుడు అవ్వలయ్యారు, చాలామంది ఊళ్ళోనే ఉన్నారు. ఇప్పటి బడిపిల్లలు పలక బలపం పట్టుకుని కాదు, ఫోన్లు పట్టుకుని ఆ అవ్వల దగ్గరికి పోయి, ఎలా వడపోశారో, ఎవరు నేర్పారో, వాడలో ఏం జరిగిందో అడిగి రికార్డు చేయాలి. ఈ వేసవి సెలవుల్లోనే చేయిద్దామని బడిలో ఇప్పుడున్న టీచరమ్మతో మాట్లాడాను. ఆమె సరేనన్నారు.