మా కంప్యూటర్ ఎందుకు హ్యాంగ్ అయ్యేది

మన బడుల్లో, హాస్టళ్లలో కంప్యూటర్ అంటే ముందుగా గుర్తొచ్చేది దాని మీద కప్పిన గుడ్డ. పక్కనే "ముట్టుకోవద్దు" అని రాసిన కాగితం. ఎందుకని అడిగితే "హ్యాంగ్ అవుతుంది" అంటారు. ఎప్పుడు అవుతుంది, దేనివల్ల అవుతుంది అంటే జవాబుండదు. కొన్నాళ్లకు ఆ గుడ్డ మీద రిజిస్టర్లు, వాటి మీద సుద్దముక్కల డబ్బా చేరతాయి. ఉట్నూరు చుట్టుపక్కల గూడేల్లో తిరిగే మేము ఇలాంటివి చాలా చూశాం. మా కంప్యూటర్ కూడా ఆ దారే పట్టేది. కానీ దాని కడుపులో మా పెద్దల పాటలున్నాయి. అందుకే వదల్లేకపోయాం.

మేము ఐదుగురం. నలుగురం గోండులం, ఒకరు పర్ధాన్. మూడేళ్లుగా దండారి పాటలు, పెళ్లి పాటలు, కిక్రి వాయిస్తూ పర్ధాన్ దాదాలు చెప్పే కథలు ఫోన్లలో రికార్డు చేస్తున్నాం. ఫోన్ మెమరీ చాలదు కనుక అన్నీ కంప్యూటర్‌లో చేరుస్తాం. గోండి మాటలను తెలుగు అక్షరాల్లో టైపు చేసి పక్కన అర్థం రాస్తాం. ఒక ఆఫీసులో వాడి తీసేసిన పాత కంప్యూటర్ మాకు దొరికింది. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. గూడెం కమ్యూనిటీ హాల్లో ఓ మూల పెట్టుకున్నాం. మాకు పాడి వినిపించిన కిక్రి దాదా ఒకాయన పోయిన వానాకాలం కాలం చేశాడు. ఆయన గొంతు ఇప్పుడు ఆ డబ్బాలోనే ఉంది.

ఎండాకాలం మొదలయ్యాక కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. వర్డ్ తెరిస్తే పేజీ తెల్లబడి, పైన "నాట్ రెస్పాండింగ్" అని వచ్చేది. చిన్న చక్రం తిరుగుతూనే ఉండేది. పాట పెడితే ఒక మాట దగ్గర ఆగిపోయేది. ఒక్కోసారి మౌస్ కూడా కదిలేది కాదు. ఒక్కోసారి దానంతటదే ఆరిపోయి మళ్లీ వెలిగేది.

పట్నంలో ఒక రిపేరు షాపుకు తీసుకుపోయాం. ఆయన మూత కూడా విప్పలేదు. "మీ పోరగాళ్లు ఏవేవో పెన్ డ్రైవ్‌లు పెట్టి ఆటలు ఎక్కించి ఉంటారు. ఫార్మాట్ కొడితే అయిపోతది" అన్నాడు. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. పాటలు ఏమవుతాయని అడిగితే, "పాటలే కదా, మళ్లీ ఎక్కించుకోండి" అన్నాడు. కాలం చేసిన మనిషి చేత మళ్లీ ఎలా పాడిస్తాం? ఇంకేం మాట్లాడకుండా కంప్యూటర్ ఎత్తుకుని బస్సెక్కాం.

ఆ సాయంత్రం హాలు ముందు కూర్చుని ఈ సంగతే మాట్లాడుకుంటుంటే ఒక పెద్దాయన విన్నాడు. ఆయన గోండిలో అన్నది మా తెలుగులో చెబితే ఇది: "ఎద్దు మేత ముట్టకుంటె సంతల అమ్ముకుంటమా తమ్మీ? ముందుగాల నోరు తెరిచి చూస్తం, నాలిక మీద పుండ్లున్నయా అని. ఎనుక గిట్టలు చూస్తం. పేడ చూస్తం. నిన్న ఏ దిక్కు మేసిందో పసుల కాసే పోరన్ని అడుగుతం. మీరు దీన్నేం చూసిండ్రు?" ఆ ప్రశ్నతోనే మా పని మొదలైంది.

మొదట చేసింది బాగుచేయడం కాదు, కాపీ చేయడం. తెలిసిన టీచర్ దగ్గర ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ అడిగి తెచ్చి, పాటల ఫోల్డర్లు ఒక్కొక్కటిగా అందులోకి పంపాం. కంప్యూటర్ రోగం ఏదైనా ముందు చేయాల్సిన పని ఇదే. డిస్క్ పాడవుతున్నప్పుడు దాని మీద రిపేరు ప్రోగ్రాంలు నడిపితే, ఉన్న ఊపిరి కూడా పోవచ్చు. చాలా ఫోల్డర్లు సాఫీగా వెళ్లాయి. ఒక ఫోల్డర్ దగ్గర మాత్రం కాపీ ఆగి, కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోయింది. అది కిక్రి దాదా పాటల ఫోల్డర్. దాన్ని అలాగే ఉంచి, తర్వాత ఒక నోటుబుక్కు తెరిచాం.

నోటుబుక్కులో నాలుగు గీతలు గీశాం. ఏ టైముకు ఆగింది, ఏ ప్రోగ్రాం నడుస్తోంది, ఏ ఫైలు తెరిచాం, ఆ సమయంలో కరెంటూ ఎండా ఎలా ఉన్నాయి. ఎవరు కూర్చున్నా రాయాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, చేసింది రాయాలి. రెండు మూడు మార్పులు కలిపి చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు. పది రోజులకు రెండు పేజీలు నిండాయి. చదివి చూస్తే మేము ఒక్కటే రోగం అనుకున్నది నాలుగు రోగాలని తేలింది.

మొదటిది కరెంటు. ఆరిపోయి మళ్లీ వెలగడం దాదాపు అన్నిసార్లూ సాయంత్రం ఆరు తర్వాతే జరిగింది. అప్పుడే ఊళ్లో పిండి గిర్నీ నడుస్తుంది, హాల్లో బల్బు గుడ్డిదవుతుంది. వోల్టేజీ పడిపోతే లోపలి పవర్ సప్లై తట్టుకోలేక మిషన్ రీస్టార్ట్ అవుతుంది. అలా ఫైలు తెరిచి ఉండగా పదేపదే ఆరిపోతే ఫైళ్లు కూడా చెడతాయి. యూపీఎస్ ఉంది కానీ దాని బ్యాటరీ చచ్చిపోయి ఉంది. బ్యాటరీ మార్చాం, టైపింగ్ పని పొద్దుటి పూటకు మార్చుకున్నాం. రీస్టార్ట్‌లు ఆగాయి. హ్యాంగ్ మాత్రం ఆగలేదు.

రెండోది వేడి. మధ్యాహ్నాలు అన్ని ప్రోగ్రాంలూ ఈడ్చుకుంటూ నడిచేవి. ప్లగ్గు తీసి మూత విప్పాం. మనలో చాలామంది ఇళ్లలో లాగే ఆ హాల్లోనూ పత్తి నిల్వ చేస్తారు. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద, హీట్ సింక్ రేకుల మధ్య పత్తి నూగు, పొయ్యి పొగ మసి కలిసి దుప్పటిలా పేరుకుపోయింది. గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కితే అది కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మనకు అది నత్తనడకలా కనిపిస్తుంది. ముందు ఇనుప డబ్బాను చేత్తో తాకాం, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోవాలని. ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, పొడి పెయింటు బ్రష్షుతో నూగంతా తీశాం. ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది పూశాం. ర్యామ్ కూడా ఊడదీసి దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది పెట్టాం. విండోస్‌లోనే ఉండే మెమరీ పరీక్ష నడిపితే ర్యామ్‌లో తప్పేమీ లేదని చెప్పింది.

మూడోది లోపలి ప్రోగ్రాంలు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఎవరు ఎంత పని చేస్తున్నారో అందులో కనిపిస్తుంది. బిగుసుకున్న ప్రోగ్రాంను ఎంచుకుని "ఎండ్ టాస్క్" నొక్కితే అదొక్కటే మూసుకుంటుంది, మొత్తం ఆపక్కర్లేదు. అయితే అందులో సేవ్ చేయని పని పోతుంది, అది గుర్తుంచుకోవాలి. మా మిషన్‌లో రెండు యాంటీవైరస్‌లు ఉన్నాయి, ఆఫీసు నుంచి వచ్చేటప్పుడే ఉన్నవి. మనం ఏ ఫైలు తెరిచినా రెండూ దాన్నే తడుముతాయి. ఒకటి తీసేశాం. స్టార్ట్ కాగానే వాటంతటవే లేచే పనికిరాని ప్రోగ్రాంలను స్టార్టప్ జాబితాలో ఆపాం. వర్డ్ చకచకా తెరుచుకోసాగింది.

అయినా కిక్రి దాదా ఫోల్డర్ తెరిస్తే అంతే. ఆ సమయంలో టాస్క్ మేనేజర్ చూస్తే ప్రాసెసర్ 5 శాతం, డిస్క్ 100 శాతం. అంటే ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని డిస్క్ జవాబు కోసం ఎదురుచూస్తోంది. హార్డ్ డిస్క్ లోపల పళ్లాలు తిరుగుతుంటాయి. వాటి మీద ఒక చోటు పాడైతే, దాన్ని చదవాలని డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అంతసేపూ ఆ ఫైలు అడిగిన ప్రోగ్రాం బిగుసుకునే ఉంటుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో డిస్క్ ఆరోగ్యం చూస్తే పసుపు రంగులో హెచ్చరిక కనిపించింది. చదవలేని చోట్లు ఉన్నాయని అందులో రాసి ఉంది. నాలుగో రోగం, అసలు రోగం అదే. ఆ రోజు షాపులో ఫార్మాట్ చేయించి ఉంటే పాటలు పోయేవి, చెడిపోయిన డిస్క్ మాత్రం అలాగే ఉండేది.

చదవలేని చోటును దాటేసి, మిగతాదంతా ముందు కాపీ చేసి, ఆ తర్వాత మిగిలిన ముక్కల కోసం తిరిగి ప్రయత్నించే ప్రోగ్రాం ఒకటుంది. పేరు డీడీ రెస్క్యూ. లినక్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. పెన్ డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి, రాత్రి చల్లబడ్డాక మొదలుపెట్టి, తెల్లారేదాకా వంతులవారీగా కాపలా ఉన్నాం. దాదా పాటలు ఐదూ వచ్చాయి. నాలుగు పూర్తిగా ఉన్నాయి. ఐదోదానిలో మధ్యన ఒక చోట గొంతు తెగిపోయి, కొన్ని క్షణాలు ఏమీ వినిపించక, మళ్లీ మొదలవుతుంది. ఆ పాట ఆయన తమ్ముడికి వినిపించాం. తెగిన చోట ఆయన తడుముకోకుండా ఆ చరణం అందుకుని పాడాడు. దాన్ని వేరే ఫైలుగా రికార్డు చేసి, ఎవరు పాడారో, ఎందుకు పాడారో రాసి పెట్టాం. పాత ఫైలును అతికించలేదు. ఆయన గొంతు ఎంత మిగిలిందో అంతే ఉండనిచ్చాం.

తునికాకు కూలి డబ్బుల్లోంచి తలా కొంత వేసుకుని 240 జీబీ ఎస్ఎస్‌డీ కొన్నాం. అందులో తిరిగే పళ్లాలుండవు. పాత కంప్యూటర్‌కు కొత్త ప్రాణం పోయాలంటే ఇంతకన్నా మంచి ఖర్చు మాకు తెలియదు. ఇప్పుడు పాటలు మూడు చోట్ల ఉన్నాయి. కంప్యూటర్‌లో ఒకటి, ఉట్నూరులో టీచర్ దగ్గరి డిస్క్‌లో ఒకటి, ఇంటర్నెట్ స్టోరేజీలో ఒకటి. టైపు చేసేదంతా యూనికోడ్‌లోనే చేస్తున్నాం. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసింది ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. మన నార్నూర్ మండలం గుంజాల ఊరి పేరుతో ఉన్న గోండి లిపికి కూడా 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. రేపు మన పిల్లలు ఆ లిపిలో ఈ పాటలు రాసుకుంటారు. అప్పటిదాకా వాటిని కాపాడి అందించడం మన పని.

టీచర్లకు ఒక మాట. కంప్యూటర్ మీది గుడ్డ తీయండి. పక్కన ఒక నోటుబుక్కు కట్టండి. ఆగినప్పుడల్లా పిల్లల చేతే రాయించండి. జింక అడుగును చూసి అది ఎటు పోయిందో చెప్పే పిల్లలకు, మిషన్ ఎక్కడ ఆగుతోందో కనిపెట్టడం కష్టం కాదు. మీరు పక్కనుంటే ప్లగ్గు తీసి మూత విప్పడానికి కూడా భయపడరు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు తెలియదు అని ఎవరైనా అంటే వెంటనే తల దించకండి. ఏం చూసి అంటున్నారో అడగండి. మీ ఫోన్లలో మీ అవ్వ పాట, మీ తాత కథ ఏదైనా ఉంటే ఈ రోజే ఇంకో చోట కాపీ చేసి పెట్టండి.