పొద్దున్న పదింటికి బ్రహ్మ ముహూర్తం

మా అమ్మ పూజ ముగించుకుని వచ్చి, కంప్యూటర్ తెర మూలన టైము చూసి, "ఇంకా నాలుగున్నరేనట్రా? పాలవాడు వచ్చి వెళ్లిపోయాడే!" అంది. అప్పటికి పదయింది. ఎండ గుమ్మం దాటి హాల్లోకి వచ్చేసింది. మా కంప్యూటర్ మాత్రం ఇంకా బ్రహ్మ ముహూర్తంలోనే ఉంది.

ఎందుకో చెబుతాను గానీ, ముందు దాని కాపురం సంగతి వినాలి మీరు.

మాది పాత డబ్బా. విండోస్ 10తో నడిచేది. 2025 అక్టోబర్ 14తో దాని మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే ప్రాసెసర్ పాతదని గడపలోనే ఆపేసింది. "లైనక్స్ మింట్ వేసెయ్ మావయ్యా, పైసా ఖర్చు లేదు" అన్నాడు మా మేనల్లుడు. వాడిది కుర్రతనం. నా ఇరవై ఏళ్ల రాతలన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. డీటీపీ చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు, అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే కథ కాస్తా కోడిగీతలవుతుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి, నిజమే. మార్చాక ఒత్తులన్నీ కూర్చుని సరిచూసుకునే ఓపిక ఎవరికుంది?

అందుకని రెండూ ఉంచుకున్నాను. ఇంటర్నెట్టూ, బ్యాంకు పనీ లైనక్స్‌లో. పేజ్‌మేకర్ విండోస్‌లో, నెట్ ఆపేసి. అప్‌డేట్లు రాని దాన్ని వీధిలోకి పంపకపోవడమే మంచిది కదా.

పంపకాలు విండోస్‌లో ఉండగానే మొదలుపెట్టాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి సి డ్రైవ్‌ని కుదించి, 60 జీబీ ఖాళీగా వదిలేశాను. ఆ ఖాళీని ఫార్మాట్ చెయ్యకూడదు, లైనక్స్ వచ్చి తన గోడలు తనే కట్టుకుంటుంది. ఇంకోటి, ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం తీసెయ్యాలి. అది ఉంటే విండోస్ షట్‌డౌన్ అన్నా పూర్తిగా పడుకోదు, ఒక కన్ను తెరిచే ఉంచుతుంది. అప్పుడు ఆ డ్రైవ్‌లో లైనక్స్‌ని రాయనివ్వకుండా గొళ్లెం పడుతుంది. కొత్త లాప్‌టాప్ అయితే బిట్‌లాకర్ తాళం ఉందేమో చూసుకోండి. ఉంటే, దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకున్నాకే మిగతా పని.

తర్వాత మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేస్తే అరగంట పని. ఒక్కచోట మాత్రం కళ్లజోడు తుడుచుకుని చదవాలి. 'విండోస్ పక్కన వెయ్యి' అనే వరస ఒకటి, 'డిస్క్ మొత్తం చెరిపి వెయ్యి' అనే వరస ఇంకొకటి, రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి. నేను మూడుసార్లు చదివి నొక్కాను. ఇప్పుడు స్విచ్ వెయ్యగానే గ్రబ్ అనే ద్వారపాలకుడు ఎవరింటికి వెళ్లాలని అడుగుతాడు. కాసేపట్లో చెప్పకపోతే తనే లైనక్స్‌లోకి తోలేస్తాడు.

ఇక గడియారం. మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీతో నడిచే గడియారం ఒక్కటే. అందులో ఉన్నది మన ఊరి టైమని విండోస్ నమ్మకం, డాస్ రోజుల నుంచీ అంతే. లైనక్స్‌కి అది యూటీసీ, అంటే మనకన్నా అయిదున్నర గంటలు వెనక. లైనక్స్ నెట్‌లో టైము సరిచూసుకుని, గడియారంలో నాలుగున్నర అని తన లెక్కన రాసి వెళ్లింది. విండోస్ వచ్చి దాన్నే ఉన్నదున్నట్టు చదివింది. నెట్ ఆపేశానుగా, సరిదిద్దుకునే దారీ లేదు! లండన్‌లో ఉండేవాళ్లకి చలికాలంలో ఈ తగువు కనపడనే కనపడదు, అక్కడి టైమూ యూటీసీ ఒకటే కనక. ఈ అయిదున్నర గంటలు మన ప్రాప్తం.

మందు చిన్నదే. గడియారంలో ఉన్నది స్థానిక సమయమని లైనక్స్ టెర్మినల్‌లో ఒక్క ఆజ్ఞ ఇస్తే చాలు. అలా వద్దని లైనక్స్ కాస్త సణిగింది, తర్వాత ఒప్పుకుంది. అమ్మకీ కంప్యూటర్‌కీ ఇప్పుడు ఒకటే టైము.

ఈ కబుర్లన్నీ లైనక్స్‌లో, యూనికోడ్‌లో కొట్టాను. ఇప్పుడే ఫోనొచ్చింది, అచ్చుకి అనులోనే కావాలట. ఉంటానండీ, రీస్టార్ట్ చెయ్యాలి.